వంత మిగిలిన పాట

ఆ ఉదయం ఆకాశం ఎర్రబడకుండానే తెల్లబడింది. మబ్బు లేదు, గాలి లేదు. షెడ్డులో ఇంజన్లు వదిలిన పొగ పైకి పోలేక రైల్వే క్వార్టర్ల కప్పుల మీదే పరుచుకుంది. దాని వెనక సూర్యుడు తోమని ఇత్తడి పళ్లెంలా ఉన్నాడు. చైత్రంలో రాయపూర్ ఆకాశం ఇలా ఉంటే ఆ రోజు ఎండకి ఇనుము ముట్టుకోలేం.

నేను చిన్న లైనులో పాయింట్లవాణ్ని. ధమ్తరీ పోయే చిన్నబండికి దారి మార్చే పని. డ్యూటీ దిగి కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే రామమూర్తిగారు వచ్చి నిలబడ్డారు. ఆయన ఆఫీసులో హెడ్ గుమస్తా, మా తెలుగు సంఘానికి కార్యదర్శి. అంత పెద్దమనిషి కుళాయి దాకా నడిచి వచ్చారంటే మంచి మాట కాదనుకున్నాను.

"సన్యాసీ, మీ అమ్మాయి ఇంకా పాటలబడికి వెళ్తోందా?"

"ఎల్తంది బాబూ."

"ఇంకెవరు వెళ్తున్నారు?"

నేను రెండో కాలు కుళాయి కింద పెట్టాను. ఆయనకు తెలిసే అడిగారు.

"అదే నా బాధ. ఒక్క పిల్లకి అంత గది. బియ్యం బస్తాలకి చోటు లేదని స్టోరు వాళ్లు నా ప్రాణం తీస్తున్నారు. కమిటీలో అందరూ తాళం ఇచ్చేయమన్నవాళ్లే. నేనే ఒక మాట అడ్డం వేశాను. శ్రీరామనవమి నాడు పందిట్లో పాటలబడి పిల్లలు ఒక్క పాట, మొదటినుంచి చివరిదాకా, నిండుగా పాడి వినిపిస్తే గది ఉంచుదాం అన్నాను. లేకపోతే అది స్టోరుదే."

"మేస్టారికి సెప్పినారా?"

"నువ్వు చెప్పు. ఆయన మొహం చూసి నేను చెప్పలేను." వెళ్లబోతూ ఆగారు. "అందరూ వాల్తేరు వైపు పోతున్నారు కదా, నువ్వూ బదిలీకి పెట్టుకోకపోయావా?"

"ఎవులున్నారు బాబూ అక్కడ?"

ఆయన చెప్పు అంచుకు అంటిన బురద రాయికి రాసుకుని వెళ్లిపోయారు.

పాటలబడి పెట్టిన కొత్తలో ఆ గది పట్టేది కాదు. మా పిల్లలది వీధిలో ఛత్తీస్‌గఢీ, బళ్లో హిందీ, ఇంట్లో ఆ రెండూ కలిసిన మా శ్రీకాకుళం మాట. కనీసం పాటయినా సరైన తెలుగులో రావాలని సంఘంవాళ్లు అనుకున్నారు. గూడ్సు ఆఫీసు గుమస్తా సూర్యారావు మాస్టారు చెప్తానన్నారు. ఆయన విజయనగరంలో పాట నేర్చుకున్న మనిషి. పెళ్లి చేసుకోలేదు. బొగ్గు నుసికి ఉబ్బసం పట్టి గొంతు పోయింది. రెండు ముక్కలు పాడితే మూడోది దగ్గే. అందుకని శ్రుతిపెట్టె ఊపుతూ, మాట మాటా మెల్లగా చెప్పి, పిల్లలచేత పాడించేవారు.

పిల్లలందరూ ఒక్కసారి ఎత్తుకుంటే ఆ రేకుల కప్పు కింద చెవులు గింగురుమనేవి. దానికి ఆయన ఒక పద్ధతి పెట్టారు. పాటని పంచేశారు. ముందువరసలో కూర్చున్నవాళ్లు పాట ఎత్తేవాళ్లు. వాళ్లలో ఒక్కొక్కరికి ఒక్కొక్క చరణం. వెనకవరస వాళ్లు వంత. "ఎవరి ముక్క వాళ్లదే. ఇంకొకరి ముక్క నోట పట్టారో, వేళ్ల మీద పడుతుంది" అని బద్ద చూపించేవారు. ఎప్పుడూ ఎవరినీ కొట్టలేదు. అయినా పిల్లలు ఆ మాటని ఒట్టులా పట్టుకున్నారు. ఇళ్లలో కూడా ఎవరి ముక్క వాళ్లే పాడుకునేవారు. సాయంత్రం క్వార్టర్ల మధ్యనుంచి నడిచి వస్తుంటే ఒక ఇంటి పొయ్యి దగ్గర ఒక చరణం, నాలుగిళ్ల అవతల బావి దగ్గర ఇంకో చరణం వినపడేవి. లైను చివరికి వచ్చేసరికి పాట పూర్తయ్యేది.

మా దాలమ్మ వెనకవరస. దాని గొంతు పెద్దది కాదు గాని పట్టిన చోట కదలదు. "మీ పిల్ల గొంతు గుంజలాంటిది సన్యాసీ. తక్కినవాళ్లందరినీ దానికి కట్టేస్తాను" అని మాస్టారు అనేవారు. అందుకే దాన్ని మొదటినుంచీ వంతకే పెట్టారు. దాని ఎదురుగా, ముందువరసలో అన్నమ్మ కూర్చునేది, ఫైర్‌మన్ కూతురు. తన చరణం అయిపోగానే అన్నమ్మ తల వెనక్కి తిప్పి దీన్ని చూసేది. ఇది అందుకునేది.

తల్లి పోయాక దాలమ్మ ఇంట్లో మాట తగ్గించేసింది. నేనూ మాటల మనిషిని కాను. ఒక గదిలో ఇద్దరం ఉంటాం, పొయ్యి ఎక్కువ మాట్లాడుతుంది. ఆ పాటల గదిలో మాత్రం అది పగలబడి నవ్వుతుందని పక్కింటి అప్పలనరసమ్మ చెప్పేది. నేను చూడలేదు. నేను వెళ్తే నవ్వదని వెళ్లలేదు.

తరవాత ఆంధ్రరాష్ట్రం వచ్చింది. సంఘం గదిలో మిఠాయి పంచారు. పెద్దవాళ్లు కౌగిలించుకున్నారు. ఆ తీపి నోట్లో ఉండగానే ఒక్కొక్కరూ వాల్తేరు వైపు బదిలీకి అర్జీలు పెట్టుకున్నారు. మన రాష్ట్రం, మన ఊరి గాలి అన్నారు. తప్పేముంది? నులకమంచాలు, రోళ్లు, సత్తుగిన్నెల మూటలు బండి ఎక్కాయి. ఒక ఇల్లు ఖాళీ అయినప్పుడల్లా పాటలో ఒక ముక్క పోయేది. అన్నమ్మవాళ్లు ఈ మాఘంలో వెళ్లారు. ప్లాట్‌ఫారం మీద ఆడపిల్లలిద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ఇద్దరూ ఇంజన్ వైపే చూస్తూ నిలబడ్డారు.

ఆ సాయంత్రం దాలమ్మ వెంట నేను పాటల గదికి వెళ్లాను. మాస్టారు ముందువరస చాప కూడా పరిచే ఉంచారు. దాలమ్మ వెళ్లి వెనక చాప మీద తన చోట్లో కూర్చుంది. మధ్యలో అంత ఖాళీ. నేను గుమ్మంలోంచే రామమూర్తిగారి మాట చెప్పాను. మాస్టారు శ్రుతిపెట్టె ఆపలేదు. 

"నిండు పాటా" అన్నారు. "సరే. దాలమ్మా, ముందుకి రా. ఎత్తు."

అది కదల్లేదు. "ఎత్తుగడ అన్నమ్మది, మేస్టారూ."

"అన్నమ్మ లేదు కదే తల్లీ."

"ఉంది. వాల్తేర్లో."

ఆయన నవ్వారు. ఆ నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గాక, "ఆ కట్టు నేనే పెట్టాను, నేనే తీసేస్తున్నాను. ఇవాళ్టినుంచి అన్ని ముక్కలూ నీవే. నీకు రావని చెప్పకు. వెనక కూర్చుని ఇన్నాళ్లూ విన్నదానివి" అన్నారు.

దాలమ్మ మోకాలి మీద తాళం వేసుకుంది. నోరు తెరిచింది. శబ్దం రాలేదు. చెయ్యి మాత్రం ఆగకుండా తాళం వేస్తూనే ఉంది. ఎత్తుగడ నడవాల్సినంత సేపూ నడిచి, వంత వచ్చే చోటు రాగానే గొంతు దానంతట అదే విచ్చుకుంది.

"వెనకాల మేమున్నాము, వెనుదిరిగి చూడవయ్యా."

ఆ పాట మాస్టారే కట్టారు. రాముడు అడవికి పోతుంటే ఊరంతా రథం వెనక నడుస్తుంది. ముందువరస దారి చెప్తుంది, పొలిమేర దాటిందని, పొద్దు గుంకిందని, ఏరు వచ్చిందని. వెనకవరస ఊరివాళ్లు.

మళ్లీ ఎత్తమన్నారు. మళ్లీ అంతే. ఇంకోసారి. అంతే. బయటికి వచ్చి మాస్టారు నా బీడీ పొగకి దూరంగా జరిగి నిలబడ్డారు. "నేను వేసిన ముడి సన్యాసీ. నాకే ఊడట్లేదు" అన్నారు.

అప్పలనరసమ్మకి ఈ సంగతి తెలిసి మా గుమ్మంలో చతికిలబడింది. ఆమె కొడుకూ కోడలూ కూడా వాల్తేరు వెళ్లిపోయారు. క్వార్టరు ఖాళీ చేసేదాకా ఆమె ఇక్కడ.

"ఓలమ్మా, పాటకి గూడా వాటాలేటే గుంటా? పొలం పంపకాలా? నాను దంపుడుకెల్తే పక్కోల్ల పాట, ఎదురింటోల్ల పాట అన్నీ కలిపీసి పాడీసేదాన్ని. మా అత్త తిట్టీది గాని పాట నన్నెప్పుడూ తిట్టనేదు."

"ఇది అలాటిది కాదప్పా" అంది దాలమ్మ.

"ఎలాటిదైతేనేటి. నువ్వు వంత పట్టు, నాను ఎత్తుతాను. రావుణ్ని అడివికి తోలీడానికి నా గొంతు సాలదా?" అని వడ్లు దంచే వరసలో ఎత్తుకుంది. రథం పొలిమేర దగ్గరే విరిగేలా ఉంది. దాలమ్మ మోకాళ్ల మధ్య మొహం పెట్టుకుని నవ్వింది. నేను ఆ నవ్వు విన్నాను.

"ముసిలిదాన్ని ఎక్కిస్తే కమిటీ ఒప్పదే" అని అప్పలనరసమ్మే లేచింది. "బడి పిల్లల పాటట. నా ఈడు పిల్లలకి బడి ఎవుడు పెట్టినాడు?"

మాస్టారు ఊరుకోలేదు. వెనక బస్తీలోంచి పట్టాల గ్యాంగులో పనిచేసే బుధారూ కొడుకులిద్దరినీ తీసుకొచ్చారు. ఛత్తీస్‌గఢీ పిల్లలు. తెలుగు ముక్క రాదు గాని చెవులు గట్టివి. రెండు సాయంత్రాల్లో పొలిమేర చరణం పట్టేశారు. దాలమ్మ వాళ్లకి అడ్డు చెప్పలేదు. వాళ్లు వచ్చి ముందు చాప మీద కూర్చుంటే కొంచెం తేలిగ్గా ఊపిరి తీసుకుంది. మూడోనాడు పిల్లలు రాలేదు. వెళ్లి అడిగితే, మహువా పువ్వు, మన ఇప్పపువ్వు, రాలుతోంది, ఏరడానికి అభన్‌పూర్ అవతల వాళ్ల ఊరికి వెళ్లారని చెప్పింది వాళ్ల అమ్మ. "మహువా అగోరహీ కా, మాస్టర్?" అంది. మహువా మన కోసం ఆగుతుందా అని. అది ఆగదు. నవమి కూడా ఆగదు.

పొయ్యి దగ్గర దాలమ్మ ప్రయత్నం చేస్తూనే ఉండేది. నేను పడుకున్నాననుకుని ఎత్తుగడ నోట్లో కదుపుకునేది. పెదాలు ఆడేవి. రొట్టె మాడిన వాసన వచ్చేది.

నవమి నాడు కాలనీ మైదానంలో తాటాకు పందిరి వేశారు. మునుపు తెలుగువాళ్లే నిండేవాళ్లు. ఈసారి సగం మంది చుట్టుపక్కల బస్తీలవాళ్లు, పానకం కోసం వచ్చినవాళ్లు, పాట అంటే ఊరికే వచ్చినవాళ్లు. మిగిలిన తెలుగువాళ్లు ఒక పక్కగా, ఉన్నదానికంటే తక్కువగా కనపడుతూ కూర్చున్నారు.

పొద్దున్నే దాలమ్మ అడిగింది. "అయ్యా, నువ్వు ముందల కూకోకు."

"ఎక్కడ కూకోమంటావు?"

"నా కంటికి ఆనకుండా."

నేను వెదురు గుంజ చాటున నిలబడ్డాను. అప్పలనరసమ్మ నా పక్కనే నేల మీద కూర్చుంది.

కల్యాణం అయింది. రామమూర్తిగారు లేచి, ఇప్పుడు పాటలబడి పిల్లలు పాడతారు అన్నారు. పిల్లలు అన్నాక ఆగి, ఇంకేదో చెప్పబోయి కూర్చున్నారు. బల్లల వేదిక మీద మాస్టారు శ్రుతిపెట్టెతో ఒక పక్క కూర్చున్నారు. దాలమ్మ వచ్చి వేదిక నడుమ కూర్చోలేదు. బాగా వెనక్కి, తెరకి ఆనుకుని కూర్చుంది. దాని ముందు బల్లలన్నీ ఖాళీ.

శ్రుతి మొదలైంది. మాస్టారు తల ఊపారు. దాలమ్మ చెయ్యి మోకాలి మీద పడింది. నోరు తెరిచింది. నేను గుంజని పట్టుకున్నాను.

పాట రాలేదు. చెయ్యి నడుస్తోంది.

"మరిసిపోనాదర్రా" అన్నారెవరో. ఎవరో పిల్లవాడు నవ్వాడు. మాస్టారు తట్టుకోలేక తనే ఎత్తుకున్నారు. "పొలిమేర" అన్నారు, అంతే, దగ్గు ముంచుకొచ్చింది. దాలమ్మ ఆయన వైపు తిరగలేదు. ఆయన దగ్గుతుంటే కూడా దాని చెయ్యి తడబడలేదు. ఎత్తుగడకి ఎంత చోటు కావాలో అంత చోటూ వదిలి, సరిగ్గా తన చోట్లో అందుకుంది.

"వెనకాల మేమున్నాము, వెనుదిరిగి చూడవయ్యా."

ఆ తరవాత మాస్టారు మళ్లీ ప్రయత్నించలేదు. శ్రుతి మాత్రం ఊపుతూ ఉండిపోయారు.

రెండో చరణం ఖాళీ. పానకం కాగులో గరిటె తగిలిన చప్పుడు. యార్డులో ఎవరో బండికి బండి కలిపారు. అప్పలనరసమ్మ మెల్లగా, "ఇది సూరిబాబుది" అంది. నాకూ తెలుసు. గార్డు క్వార్టరు పక్క ఇంటి కుర్రాడు, నోటి నిండా పళ్లు, చరణం మధ్యలో ముక్కు తుడుచుకునేవాడు. మా వైపు కూర్చున్నవాళ్లందరికీ తెలుసు. ఎవరి ముక్క ఎక్కడ వస్తుందో పొయ్యి దగ్గర, బావి దగ్గర విన్నవాళ్లే. ఒక్కో ఖాళీ వచ్చినప్పుడల్లా వాళ్లు దాలమ్మని చూడటం మానేసి దాని ముందున్న బల్లల్ని చూశారు. వంత వచ్చినప్పుడు మళ్లీ దాన్ని చూశారు.

ఎత్తుకున్న అన్నమ్మే ముగించాలి, చివరి చరణం కూడా దానిదే. అది పొడుగు. రథం ఏరు దాటిపోవడం. ఆ ఖాళీ ఎంతకీ తరగలేదు. ఒక చంటిపిల్ల ఏడ్చి ఊరుకుంది. దాలమ్మ చెయ్యి నడుస్తూనే ఉంది. ఖాళీ ముగిసే ముందు అది తల ఎత్తి ఎదురుగా ఒక చోట చూపు నిలిపింది. అక్కడ ఏమీ లేదు. అందుకుంది. రెండుసార్లు పాడి, మూడోసారి గొంతు తగ్గించి ఆపింది. మాస్టారు శ్రుతిపెట్టె మూశారు.

బస్తీవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ పాట అలాగే ఉంటుందనుకున్నారు. "బఢియా గాయిస్ నోనీ" అంది ఒకామె, పిల్ల బాగా పాడిందని. మావాళ్లు ఎవరూ చేతులు కదపలేదు. అప్పలనరసమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లేచి, పానకం పంచేచోటికి కాకుండా ఇంటివైపు వెళ్లిపోయింది.

రామమూర్తిగారు వేదిక దగ్గరికి వచ్చారు. కళ్లజోడు తీసి పంచెకొంగుతో తుడిచారు. పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నారు.

"కమిటీకి నేనేం చెప్పను మాస్టారూ? పాట నిండలేదు."

"నిండలేదు" అన్నారు మాస్టారు.

"అమ్మాయి తన వంతు బాగానే పాడింది."

దాలమ్మ నేలచూపుతోనే అంది. "నాను పాడినాను బాబూ. మిగతావోల్లే రానేదు."

ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు. మాస్టారు జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చారు. "చాపలు సంఘానివి. మడిచి మూల పెట్టాను. శ్రుతిపెట్టె నాది" అన్నారు. అంటే పాట ఎలా ముగుస్తుందో ఆయనకి ముందే తెలుసన్న మాట. రామమూర్తిగారు తాళంచెవి తీసుకుని, వెంటనే జేబులో వేసుకోలేక, గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డారు.

మైదానం దాటి ముగ్గురం నడిచాం. శ్రుతిపెట్టె నేను పట్టుకున్నాను. సగం క్వార్టర్లకి తలుపులు మూసి ఉన్నాయి. కొన్నింట్లో కొత్తవాళ్లు దిగారు, వాళ్ల మాట వేరే, పొయ్యి వాసన వేరే.

"ఎత్తుదామనుకున్నావా తల్లీ?" అన్నారు మాస్టారు.

"అనుకున్నాను."

"మరి?"

దాలమ్మ కొంత దూరం నడిచింది. "నవిమి గదా. ఆల్లు గూడా ఎక్కడోల్లు అక్కడ పాడతన్నారేమో అనిపించింది. మద్దెలోకి ఎలా దూరతాను?"

మాస్టారి ఇంటివైపు మలుపు వచ్చింది. ఆయన ఆగారు, నేను పెట్టె అందివ్వబోయాను. రేపటినుంచి సాయంత్రం ఆయన ఆఫీసు దిగి నేరుగా తన ఒంటిగదికి వెళ్లాలి. దాలమ్మ నేరుగా మా గదికి రావాలి. వాళ్లిద్దరికీ అది ఒకసారే తెలిసినట్టుంది. ఇద్దరూ అక్కడే నిలబడిపోయారు.

"మేస్టారూ, మా ఇంట తినీసి ఎల్లండి" అంది దాలమ్మ.

ఆయన మా ఇంట ఎప్పుడూ మంచినీళ్లు కూడా పుచ్చుకోలేదు. నా వైపు చూశారు. నేను పెట్టె పట్టుకుని మా ఇంటివైపు నడిచాను. వెనక ఆయన చెప్పుల చప్పుడు వచ్చింది.

దాలమ్మ మోదుగాకు విస్తళ్లు కడిగి వేసింది. అన్నం, పెసరపప్పు, ఎర్ర తోటకూర వేపుడు. మాకు వడ్డించి, తన విస్తరి కూడా మా ఎదురుగానే వేసుకుంది. ముగ్గురం తింటున్నాం. తలుపు బయట ఎండ తెల్లగా ఉంది. పప్పు పల్చగా ఉంది, విస్తరి అంచుకు పారుతుంటే మాస్టారు అన్నంతో చిన్న గట్టు కట్టుకున్నారు. దాలమ్మ గరిటెతో ఇంకాస్త అన్నం తెచ్చి ఆయన విస్తట్లో పెట్టింది. ఆయన చాలనలేదు.